లాబ్రడార్‌ని కనెక్టికట్ తీసుకెళ్తున్నాం, లైమ్ వ్యాక్సిన్ వేయించాలా?

భీమవరం_బుల్లోడు
మా సీజర్ లాబ్రడార్, నాలుగేళ్లు. కంపెనీ ట్రాన్స్‌ఫర్ మీద జనవరిలో కనెక్టికట్ వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, వీడు. వీడిని వదిలేసి వచ్చేదే లేదని ఆవిడ తేల్చి చెప్పేసింది. అక్కడున్న కొలీగ్ ఫోన్ చేసి "బయల్దేరేలోపు లైమ్ వ్యాక్సిన్ వేయించెయ్, ఇక్కడ ఆ జబ్బు మామూలుగా లేదు" అంటున్నాడు. పిడుదులు కరిస్తే వచ్చే జబ్బట అది. మా డాక్టరు గారిని అడిగితే "చదువుకునే రోజుల్లో విన్నానయ్యా, సర్వీసులో ఒక్క కుక్కకీ వేయలేదు, నా ఫ్రిజ్‌లో అది ఉండదు" అన్నారు. నెట్‌లో చూస్తే వేయించకపోతే కిడ్నీలు పోతాయని ఒకడు, వేయిస్తేనే పోతాయని ఇంకొకడు. పైగా వీడికి కిందటి వేసవిలో ఎర్లీషియా (అదీ పిడుదుల జబ్బే) వచ్చి తగ్గింది. టెన్షన్‌గా ఉంది. వేయించినవాళ్లూ, వేయించనివాళ్లూ ఇద్దరూ చెప్పండి.

నరసాపురం_లేసు
సంక్రాంతికి ముందా, తర్వాతా ప్రయాణం? ముందైతే కుక్క సంగతి తర్వాత, ముందు నీకే ఏదో టీకా వేయించాలి. భీమవరం వాడివై ఉండి పందేలు వదిలేసి పోతావా!

యానాం_కుర్రోడు
జబ్బు పుట్టింటికే వెళ్తున్నావు బ్రో. ఆ లైమ్ అనే ఊరు కనెక్టికట్‌లోనే ఉంది. 1975 ప్రాంతంలో అక్కడ పిల్లలకి వరసగా మోకాళ్లు వాస్తుంటే, ఇదేదో మామూలు కీళ్లవాతం కాదని తల్లులు పట్టుబడితే అప్పుడు తవ్వి తీశారు. 1982లో విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే ఆయన పిడుదుల్లోంచి ఆ క్రిమిని పట్టుకున్నాడు. అందుకే దాని పేరు బొరేలియా బర్గ్‌డార్ఫెరి. గ్రూప్స్‌కి చదివిన చదువు ఎక్కడా పనికిరాలేదు, ఇక్కడ కక్కేశాను.

లంక_రైతు
అమెరికా పిడుదుల సంగతి తర్వాత. ఇక్కడి పిడుదులకే మా రాజా పోయేవాడు. నాటు కుక్క, ఏ జబ్బూ అంటదు అనుకునేవాళ్లం. మూడు పూటలు అన్నం ముట్టలేదు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఉచ్చ ముదురు ఎరుపు. రక్తం తీసి చూస్తే బెబీసియా అన్నారు. దానికి టీకా లేదుగా?

పశువైద్యం_రిటైర్డ్
లేదండి. ఎర్లీషియాకీ లేదు, మన దగ్గర దొరికే బెబీసియా టీకా కూడా లేదు. డెల్టాలో కుక్కలకి పిడుదుల వల్ల వచ్చేవి ప్రధానంగా ఆ రెండూ. వాటిని మోసేది గోధుమ రంగు కుక్క పిడుదు. లైమ్‌ని మోసేది అది కాదు. అమెరికా తూర్పు వైపు నల్లకాళ్ల పిడుదు, పడమటి తీరంలో దాని చుట్టం ఇంకొకటి, యూరప్‌లో మరొకటి. ఇక్సోడిస్ జాతివి. కాబట్టి భీమవరంలో ఉండే కుక్కకి లైమ్ టీకా దండగ. భీమవరం వదిలి వెళ్లే కుక్క సంగతి వేరు. సాయంత్రం తీరిగ్గా రాస్తాను.

హార్ట్‌ఫర్డ్_హేమ
నేను ఉండేది కనెక్టికట్‌లోనే, మాది తణుకు. కళ్లు మూసుకుని వేయించండి అంటాను.

మా ఇంటి వెనక అడవి. జింకలు మన ఊళ్లో మేకలు తిరిగినంత ధీమాగా పెరట్లోకొచ్చి మొక్కలు తినేసి పోతాయి. పిడుదు పిల్లలు గసగసాల గింజంత ఉంటాయి, గోల్డెన్ రిట్రీవర్ బొచ్చులో వాటిని పట్టడం మన వల్ల కాదు. ఓ వేసవిలో మా లడ్డూ ముందు కాలు కుంటడం మొదలెట్టింది. ఎక్కడో దూకి బెణికిందిలే అనుకున్నాం. ఆ మర్నాడు ఆ కాలు బాగానే ఉంది, వెనక కాలు కుంటుతోంది! ఒళ్లు కాలిపోతోంది, చికెన్ పెట్టినా మొహం తిప్పేసింది. టెస్టులో లైమ్ పాజిటివ్. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ నెల రోజులు వాడాం. మందు మొదలెట్టిన కొద్ది రోజులకే లేచి తిరిగింది కానీ కోర్సు మొత్తం వాడాల్సిందే. అప్పట్నుంచి ఏటా టీకా వేయిస్తున్నాం. ఏ ఇబ్బందీ రాలేదు, వేసిన రోజు కాస్త మగతగా పడుకుంటుంది అంతే.

న్యూజెర్సీ_నాని
హేమ గారూ, టీకా వేయించాక పిడుదుల మాత్ర ఆపేశారా? ఆపలేదుగా? మరి లడ్డూని కాపాడుతోంది టీకానా, మాత్రా? న్యూజెర్సీలోనూ లైమ్ బోలెడుంది. మా బీగిల్‌కి టీకా వేయించలేదు, నెల నెలా నమిలే మాత్ర మాత్రం తప్పించం. ఏటా టెస్టు నెగటివే. నల్లకాళ్ల పిడుదు కరిచిన వెంటనే క్రిమి ఎక్కదు, మామూలుగా 24 నుంచి 48 గంటలు పట్టుకుని ఉండాలి. ఆలోపు మాత్ర దాన్ని చంపేస్తుంది. ఇంకెందుకు సూది?

హార్ట్‌ఫర్డ్_హేమ
మాత్ర ఒక నెల మర్చిపోతే? కక్కేస్తే? మేము ఊరెళ్లినప్పుడు కుక్కని చూసుకునేవాళ్లు వేయకపోతే? రెండూ ఉంటే ఒకటి తప్పినా ఇంకోటి కాస్తుంది.

న్యూజెర్సీ_నాని
ఆ లెక్కన అన్ని టీకాలూ వేయించాల్సిందే. మా ఆవిడ బీమా పాలసీలు ఇలాగే కడుతుంది.

అరిజోనా_ఎండ
అమెరికా అంతా ఒకే ఊరనుకోకండి. మా దగ్గర ఈ లైమ్ గొడవే లేదు. వెట్‌ని అడిగితే "మీరు ఈశాన్య రాష్ట్రాలకి కుక్కని తీసుకెళ్తారా" అని అడిగి, లేదంటే ఆ మాటే వదిలేశాడు. మా పెంపుడు కుక్కలకి వచ్చేదీ మళ్లీ మీ ఎర్లీషియానే, అదే గోధుమ పిడుదు.

కోనసీమ_కొబ్బరాకు
ఈ సూదులూ మాత్రలూ అన్నీ కంపెనీల వ్యాపారం. మా తాతగారు కుక్కకి కిరసనాయిలు గుడ్డతో తుడిచేవారు, పిడుదులన్నీ జలజలా రాలిపోయేవి. ఆయ్, నిజం. వేపనూనె, పసుపు కలిపి రాయండి చాలు.

రావులపాలెం_రాణి
కిరసనాయిలా! నాకుతుందండీ అది. తాతగారి కుక్కలు ఎన్నేళ్లు బతికేవో కూడా చెప్పండి.

కోనసీమ_కొబ్బరాకు
బానే బతికేవి.

లంక_రైతు
మా ఇంట్లో కూడా అలాగే "బానే బతికేవి" అండీ. పోయిన కుక్క స్థానంలో ఇంకోటి వచ్చేది, దానికీ రాజా అనే పేరు పెట్టేవాళ్లం. అందుకే ఒకే కుక్క పదిహేనేళ్లు బతికినట్టు ఉండేది.

నరసాపురం_లేసు
😂😂 ఈ మాట ఫ్రేమ్ కట్టించాలి.

పశువైద్యం_రిటైర్డ్
కొబ్బరాకు గారూ, కిరసనాయిలు చర్మాన్ని కాలుస్తుంది, నాకితే లోపలికి పోతుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఇంకా ప్రమాదం. వేపనూనె రాసుకోండి, కాదనను, కానీ దాని మీదే భరోసా పెట్టుకోకండి.

ఇక బుల్లోడు గారికి. లైమ్ సోకిన కుక్కల్లో జబ్బు పైకి కనపడేది నూటికి ఐదు, పది వాటికే. మిగతావి మామూలుగానే తిరుగుతాయి. జబ్బు పడ్డవాటిలో కూడా ఎక్కువ భాగం హేమ గారి లడ్డూలా కీళ్లు వాచి, కుంటి, డాక్సీతో తేరుకుంటాయి. భయపడేది మూడో రకానికి. కిడ్నీలు దెబ్బతినడం. అది అరుదు, కానీ వస్తే చాలా కుక్కలు దక్కవు. అది ఎక్కువగా కనపడే జాతుల్లో లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ ఉన్నాయి. నాని గారి బీగిల్‌కి సరిపోయిన లెక్క మీ సీజర్‌కి అచ్చంగా సరిపోదు.

మరి టీకా వేస్తే కిడ్నీలు పోతాయన్న మాట ఎక్కడిది? కిడ్నీ జబ్బుకి కారణం యాంటీబాడీలు క్రిమి ముక్కలతో ముద్దగా ఏర్పడి వడపోత దగ్గర చిక్కుకోవడం. టీకా కూడా యాంటీబాడీలే పుట్టిస్తుంది కదా, ఆ ముద్దకి ఇదీ తోడవుతుందేమో అన్న అనుమానం. రుజువు కాలేదు, కానీ అనుమానం పడ్డవాళ్లు చిన్నవాళ్లేం కాదు. 2018లో అమెరికా పశువైద్య నిపుణుల కమిటీ ఒకటి దీని మీద కూర్చుంటే పిడుదుల నివారణ తప్పనిసరి అన్న దగ్గర అందరూ ఒక్కటే, టీకా దగ్గరకొచ్చేసరికి రెండుగా చీలారు. అక్కడి మార్గదర్శకాల్లో కూడా ఇది అందరికీ వేసే టీకా కాదు. ఉండే చోటుని బట్టి, తిరిగే తీరుని బట్టి వేసేది. హేమ గారికీ నాని గారికీ పడకపోవడంలో వింత లేదు.

ఇది పనిచేసే తీరు భలేగా ఉంటుంది. ఓఎస్పీఏ అని క్రిమి పైన ఒక ప్రొటీను. టీకా వేసిన కుక్క రక్తం పిడుదు తాగితే ఆ రక్తంలోని యాంటీబాడీలు పిడుదు కడుపులోనే క్రిమిని చంపుతాయి, కుక్కదాకా రానివ్వవు. మొదట రెండు డోసులు, మధ్యలో రెండు నుంచి నాలుగు వారాలు. తర్వాత ఏటా ఒకటి. ఇక్కడ ఒక డోసు వేయించి అక్కడ ఇంకోటి అనే ప్రశ్నే లేదు, ఇక్కడ దొరకదు కాబట్టి.

యానాం_కుర్రోడు
కుక్కకుంది, మనిషికి లేదా సార్ ఈ టీకా?

పశువైద్యం_రిటైర్డ్
ఉండేది. 1998లో అమెరికాలో వచ్చింది, 2002లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. కీళ్లనొప్పులు వస్తున్నాయని కేసులు పడ్డాయి, అమ్మకాలు పడిపోయాయి. విచారణలో టీకాదే తప్పని తేలలేదు, అయినా జనానికి నమ్మకం పోయింది.

పాలకొల్లు_పిన్ని
మా గేదెలకి గోమార్లు విపరీతం. కుక్క పాకలోనే పడుకుంటుంది. వాటి నుంచే దీనికి ఎక్కుతున్నాయా?

పశువైద్యం_రిటైర్డ్
చాలా వరకు కాదమ్మా. గేదెల మీది గోమారి వేరు, అది పశువునే పట్టుకుని ఉంటుంది. కుక్క పిడుదు కుక్కనే వెతుక్కుంటుంది. పాకలో గోడ పగుళ్లు, తాటాకు సందులు చూడండి. రక్తం నిండిన ఆడ పిడుదు కుక్కని వదిలి గోడ ఎక్కిపోతుంది, ఆ సందుల్లో వేల గుడ్లు పెడుతుంది. కుక్కకి ఎంత మందు కొట్టినా పాక బాగుచేయకపోతే మళ్లీ మొదటికే.

భీమవరం_బుల్లోడు
సార్ మీరు చెప్పింది చదివి వరండాలో టార్చి వేసి చూశాను. సీజర్ పడుకునే మూల, గడప పక్కన సున్నం పెచ్చు లేచిన చోట పుల్లతో గీకితే బూడిద రంగులో బఠాణీ సైజువి మూడు, వాటి వెనక గోధుమ రంగు పొడిలా గుడ్ల కుప్ప. మా ఆవిడ చూసి కుర్చీ ఎక్కేసింది. ఇవాళే మేస్త్రీకి ఫోన్ చేశాను.

ఇంకో డౌటు. మాత్ర వేస్తున్నా కిందటేడు ఎర్లీషియా ఎందుకొచ్చింది? నాని గారు చెప్పినట్టు కరిచిన పిడుదు చచ్చిపోవాలిగా?

పశువైద్యం_రిటైర్డ్
ఇదీ అడగాల్సిన ప్రశ్న. నాని గారి 24 గంటల లెక్క లైమ్‌కే. ఎర్లీషియా అంత టైం ఇవ్వదు, కరిచిన కొన్ని గంటల్లోనే ఎక్కొచ్చు. మాత్ర పనిచేయాలంటే పిడుదు కరిచి రక్తం తాగాలి. అందుకే మన దగ్గర మాత్ర ఒక్కటే చాలదు. పిడుదుని దగ్గరికి రానివ్వని కాలరో, మెడ మీద వేసే చుక్కల మందో కూడా వాడమంటాను. ఏది దేనితో కలపొచ్చో మీ డాక్టరు చూసి చెప్పాలి. మూర్ఛలు వచ్చే కుక్కకైతే ఈ నమిలే మాత్రల విషయం ముందే చెప్పాలి, 2018లో అమెరికాలో మందుల్ని చూసే సంస్థ ఎఫ్‌డీఏ ఆ హెచ్చరిక ఇచ్చింది.

ప్రయాణానికి ముందు ప్లేట్‌లెట్లు మరోసారి చూపించండి. ఎర్లీషియా పాత రిపోర్టులు, వాడిన డాక్సీ వివరాలు తీసుకెళ్లండి. అక్కడ ఒకే రక్తపు చుక్కతో లైమ్, ఎర్లీషియా, అనాప్లాస్మా (ఇదీ పిడుదుల జబ్బే), గుండె పురుగు నాలుగూ చూసే కిట్ వాడతారు. తగ్గిన ఎర్లీషియాకి కూడా చాలా కాలం పాజిటివ్ చూపిస్తుంది, కంగారు పడొద్దు.

రావులపాలెం_రాణి
లైమ్ లైమ్ అని అందరూ ఒకటే మాట. ఎలుక జ్వరం మాటేంటి? 2022 జులై వరదకి మా అమ్మావాళ్ల లంక మునిగిపోయింది. వాళ్ల బ్రూనో మోకాటి లోతు నీళ్లలో తిరిగి తిరిగి, నీళ్లు తీశాక బురదలో పడుకునేవాడు. ఎలుకలన్నీ ఎత్తు ఉన్న చోటికి చేరిపోయాయి, ఇల్లంతా అవే. కొద్ది రోజులకి వాంతులు. కళ్లలో తెల్లగుడ్డు పచ్చబడింది. లెప్టో అన్నారు, కిడ్నీ లివరు రెండూ దెబ్బతిన్నాయి. దక్కలేదు. వాడికి రేబిస్ సూది తప్ప ఇంకేదీ వేయించలేదు. దానికి టీకా ఉందని వాడు పోయాకే మావాళ్లకి తెలిసింది.

లంక_రైతు
మా ఊళ్లోనూ ఆ వరదకి పోయాయమ్మా, పేరు కూడా తెలియకుండా. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే మనం గొడ్లని గట్టు ఎక్కించే హడావుడిలో ఉంటాం, కుక్కనెవరు చూస్తారు.

పశువైద్యం_రిటైర్డ్
రాణి గారి మాట వందసార్లు చదవండి. వరి చేలు, కాలువ గట్లు, కొబ్బరి తోటల్లో ఎలుకలు. ఎలుక ఉచ్చ కలిసిన నీళ్లలోంచి లెప్టో వస్తుంది. డెల్టా కుక్కకి రేబిస్ తర్వాత నేను పట్టుబట్టి వేయించేది ఇదే. మామూలు కలిపి వేసే సూదుల్లో ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. సీసా మీద చూసి అడగాలి. మొదటి ఏడు రెండు డోసులు, తర్వాత ఏటా. మనుషులకీ అంటుతుంది, జబ్బు కుక్క ఉచ్చ కడిగేటప్పుడు చేతికి తొడుగు ఉండాలి.

న్యూజెర్సీ_నాని
దీంట్లో మాత్రం వాదన లేదు. మా బీగిల్‌కి కూడా లెప్టో వేయించాం.

కాకినాడ_కాగితాలు
అందరూ పిడుదుల్లో పడి అసలు సంగతి వదిలేశారు. ఇండియా నుంచి కుక్కని తీసుకెళ్తుంటే రేబిస్ కాగితాలే మిమ్మల్ని ముప్పతిప్పలు పెడతాయి. 2024 ఆగస్టు నుంచి సీడీసీ (అమెరికా ప్రజారోగ్య సంస్థ) రూల్స్ మారాయి, మనది రేబిస్ ఎక్కువున్న దేశాల లిస్టులో ఉంది. చర్మం కింద పెట్టే మైక్రోచిప్ ముందు, దాని తర్వాతే రేబిస్ సూది. ముందే వేయించి తర్వాత చిప్ పెడితే చెల్లదు. ఆ చిప్ నంబరుతో సర్కారు పశువైద్యాధికారి సంతకం పెట్టిన ఫారం. సూది వేశాక కనీసం 30 రోజులాగి రక్తం తీసి వాళ్లు ఒప్పుకున్న ల్యాబుకి పంపి టైటర్ (రేబిస్ యాంటీబాడీలు ఎంతున్నాయో చూసే పరీక్ష) చేయించాలి, అలా తీసిన రోజుకీ అక్కడ దిగే రోజుకీ మధ్య కనీసం 28 రోజులుండాలి. టైటర్ లేకపోతే అక్కడ 28 రోజులు క్వారంటైన్, ఖర్చు మీదే. దిగడం కూడా ఏ ఎయిర్‌పోర్టులో పడితే అక్కడ కాదు, సీడీసీ గుర్తించిన జంతు కేంద్రం ఉన్నచోటే. మీకు దగ్గరిది న్యూయార్క్ జేఎఫ్‌కే. అక్కడ ముందే బుక్ చేసుకోవాలి. ఇటువైపు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో క్వారంటైన్ ఆఫీసు సర్టిఫికెట్. టికెట్ కొనే ముందు సీడీసీ సైట్‌లో మరోసారి చూసుకోండి, రూల్స్ మారుతుంటాయి.

భీమవరం_బుల్లోడు
చిప్ అంటే మెడలో వేసే బిళ్ల అనుకున్నాను ఇన్నాళ్లూ. రేబిస్ సూది జులై 6న పశువుల ఆసుపత్రిలో ఉచితంగా వేస్తుంటే వేయించాం, చిప్ లేదు. అంటే మళ్లీ మొదటి నుంచా?

కాకినాడ_కాగితాలు
మళ్లీ మొదటి నుంచే. చిప్ పెట్టించి, మళ్లీ రేబిస్ వేయించి, అక్కడి నుంచి లెక్క. జనవరి అంటున్నారు కాబట్టి ఈ వారమే కదలండి.

హార్ట్‌ఫర్డ్_హేమ
జనవరిలో రావడం ఒక రకంగా మంచిదే. మంచు ఉన్నన్నాళ్లు పిడుదులు తక్కువ. కానీ చలికాలంలో ఉండవు అనుకోకండి, కాస్త ఎండ కాసి గడ్డకట్టే చలి వదిలితే పెద్ద పిడుదులు లేస్తాయి. గసగసాల సైజు పిల్లలు మే నుంచి జులై దాకా. మీరు వచ్చిన వెంటనే టెస్టు చేయించి, ఫిబ్రవరి, మార్చిలో రెండు డోసులూ వేయిస్తే మే నాటికి సిద్ధంగా ఉంటాడు. టీకా వేసినంత మాత్రాన ఆ టెస్టులో లైమ్ పాజిటివ్ రాదు, నిజం జబ్బు వస్తేనే వస్తుంది. అందుకని ఏటా టెస్టు మానకండి.

న్యూజెర్సీ_నాని
నేనైతే ఇప్పటికీ ఆగమంటాను. ముందు ఇల్లు ఎక్కడో చూసుకో బుల్లోడూ. అపార్ట్‌మెంటులో ఉండి వీధిలోనే నడిపిస్తావా, అడవి పక్క ఇల్లా? హేమ గారి పెరటి జింకలు అందరికీ ఉండవు.

భీమవరం_బుల్లోడు
అపార్ట్‌మెంటే చూస్తున్నాం, కానీ మా ఆవిడకి ట్రెక్కింగ్ పిచ్చి. శని ఆదివారాలు అడవులే. వాడు లాబ్రడార్ కూడా కాబట్టి నేను వేయించే వైపే ఉన్నాను. అక్కడ కిడ్నీల కోసం మూత్రంలో ప్రొటీన్ ఒకసారి చూపించి, బాగుంటేనే. ఈలోపు ఇక్కడ చిప్, రేబిస్, లెప్టో, ప్లేట్‌లెట్లు, గోడ పగుళ్లు. నాని గారూ, ఇల్లు ఖాయమయ్యాక మళ్లీ మీతో వాదించడానికి వస్తాను.

నరసాపురం_లేసు
గోడ పగుళ్లు కనెక్టికట్ ఎందుకు తీసుకెళ్తున్నావు రా.

భీమవరం_బుల్లోడు
ఇల్లు అద్దెకిచ్చి వెళ్తున్నాం. వచ్చేవాళ్లకీ కుక్క ఉందట.

కోనసీమ_కొబ్బరాకు
పిడుదు కరిచి ఉంటే పీకడం ఎలాగో చెప్పండి డాక్టరు గారూ. కిరసనాయిలు వద్దన్నారుగా.

పశువైద్యం_రిటైర్డ్
సన్న మొనల పట్టకారుతో చర్మానికి ఆనించి తల దగ్గర పట్టుకుని నిదానంగా నిటారుగా లాగండి. తిప్పొద్దు, గోళ్లతో చిదమొద్దు, అగ్గిపుల్లతో కాల్చొద్దు. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, తోక కింద తప్పకుండా వెతకండి.

కోనసీమ_కొబ్బరాకు
సరే. పశువులకి కొట్టే మందు ఇంట్లో ఉంది, కాస్త పలచగా కలిపి కుక్కకి కొట్టొచ్చా? కాలర్ కొనడం ఎందుకని.

పశువైద్యం_రిటైర్డ్
పశువుల మోతాదు మీ అంతట మీరు కలపొద్దు. ఇంట్లో పిల్లి ఉందా?

కోనసీమ_కొబ్బరాకు
రెండున్నాయి. ఆయ్, కుక్క పక్కనే పడుకుంటాయి.

పశువైద్యం_రిటైర్డ్
అయితే అసలు వద్దు. పశువుల మందుల్లో చాలావాటిలో ఉండే పర్మెత్రిన్ లాంటివి పిల్లికి విషం, కుక్క ఒంటి మీదిది నాకినా చాలు. కాలర్ కొనేటప్పుడు కూడా పిల్లులున్నాయని చెప్పి, వాటికి ప్రమాదం లేనిదే ఇమ్మనండి.